విడుదల తర్వాతి చరిత్ర

చరిత్ర పుస్తకాల్లో తీర్పు వచ్చిన రోజుకు తేదీ ఉంటుంది. ఆ తర్వాత ఆ మనిషి ఎక్కడ పడుకున్నాడు, ఏం తిన్నాడు, వీధిలో ఎవరు పలకరించారు అన్నవాటికి తేదీలుండవు. షోలాపూర్‌లో ముప్పై ఏళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పినవాణ్ణి కనుక ఈ లోటు నాకు బాగా తెలుసు. మా ఊళ్ళో చార్ హుతాత్మా చౌక్ ఉంది. 1930 మే నెలలో ఊరంతా మార్షల్ లా పెట్టి, పోలీసుల హత్య కేసు మోపి, 1931 జనవరి 12న యెరవాడ జైల్లో నలుగురిని ఉరితీశారు. మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సార్డా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుసేన్ అనే ఆ నాలుగు పేర్లూ మా పిల్లలకు నోటికి వచ్చు. పోయినవాళ్ళను స్మరించుకోవడం మనకు చేతనైన పనే. ఉరికంబం నీడలో ఏళ్ళూ పూళ్ళూ గడిపి, చివరికి నిర్దోషి అనిపించుకుని ప్రాణాలతో తిరిగి వచ్చినవాడి సంగతి వేరు. అతనికి కూడు కావాలి, గూడు కావాలి, పోయిన పేరు తిరిగి కావాలి. అలాంటివాళ్ళ బతుకులు ఎలా సాగాయో పాఠకులతో చెప్పుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ఈ విషయంలో చెప్పుకోదగ్గ చరిత్ర జపాన్‌ది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ మరణశిక్ష ఖాయమైపోయిన ఖైదీలు ఐదుగురు పునర్విచారణలో నిర్దోషులుగా తేలారు. వారిలో మొదటివాడు మెండా సాకాయె. జపాన్‌వారికి కూడా మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది. మెండా అన్నది ఇంటిపేరు, సాకాయె అన్నది పెట్టిన పేరు.

దక్షిణాన ఉన్న క్యూషూ దీవిలో కుమమోతో జిల్లా ఉంది. అక్కడి హితోయోషి పట్టణంలో 1948 డిసెంబరు ఆఖరున ఒక రాత్రి పూజలు చేసి రోగాలు నయంచేస్తానని చెప్పుకునే ఒకాయన ఇంట్లో హత్య జరిగింది. భార్యాభర్తలు చనిపోయారు, ఇద్దరు కూతుళ్ళు గాయపడ్డారు. యుద్ధం ముగిసి మూడేళ్ళే అయింది. బియ్యం దొరకని కాలం. 1949 జనవరిలో ఇరవై మూడేళ్ళ మెండాను వేరే దొంగతనం నెపంతో పట్టుకుని, చలికాలపు రాత్రుల్లో నిద్రపోనివ్వకుండా ప్రశ్నించి, హత్య చేశానని ఒప్పించారు. ఆ రాత్రి తాను వేరేచోట బస చేశానని ఆయన మొత్తుకున్నా వినేవాళ్ళు లేకపోయారు. 1950 మార్చిలో మరణశిక్ష పడింది. 1951 ఆఖరులో సుప్రీంకోర్టు అప్పీలు కొట్టేసింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 1956లోనే ఒక న్యాయమూర్తి ఈ మనిషి మాట నమ్మాడు. ఆయన పేరు నిషిత్సుజి. మెండా ఆ రాత్రి వేరేచోట ఉన్నాడన్నది నిజమేనని చెప్పి పునర్విచారణకు ఆదేశించాడు. మూడేళ్ళ తర్వాత పై కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. అప్పుడే ఆ తలుపు తెరుచుకుని ఉంటే మెండా ముప్పై ఒకటో ఏట ఇంటికి వెళ్ళేవాడు. పెళ్ళి చేసుకుని, పొలం చూసుకుని, పిల్లల్ని బడికి పంపేవాడు. ఆ ఆదేశం చెల్లకపోవడం వల్ల మరో ఇరవై ఏడేళ్ళు పోయాయి.

జపాన్‌లో మరణశిక్ష ఖైదీకి ఉరి తేదీ ముందుగా చెప్పరు. పొద్దున్నే కాపలావాళ్ళు వచ్చి ఒక గది ముందు ఆగుతారు. ఎవరి గది ముందు ఆగితే వారికి అదే ఆఖరి రోజు. పూర్వం ఒకటి రెండు రోజుల ముందు చెప్పేవారు, తర్వాత అదీ మానేశారు. మెండా తన చుట్టూ ఉన్న గదుల్లోంచి పదుల మంది అలా వెళ్ళిపోవడం చూశాడు. జైల్లో ఆయన క్రైస్తవం తీసుకున్నాడు. అంధుల కోసం పుస్తకాలను బ్రెయిలీ లిపిలోకి ఎక్కించే పని నేర్చుకుని చేశాడు. రేపటికి ఉంటానో లేదో తెలియని మనిషి ఇంకొకరు చదువుకోవడానికి అక్షరాలు గుచ్చుతూ కూర్చోవడం నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది.

1975 మేలో జపాన్ సుప్రీంకోర్టు వేరే కేసులో ఒక ముఖ్యమైన మాట చెప్పింది. అనుమానం ఉంటే ఆ లాభం నిందితుడికే దక్కాలనే సూత్రం పునర్విచారణ కోరేవారికి కూడా వర్తిస్తుందని. బిగించి ఉన్న తలుపులు ఆ మాటతో కదిలాయి. మెండా ఆరోసారి పెట్టుకున్న దరఖాస్తును 1979లో హైకోర్టు అంగీకరించింది. 1983 జులై 15న ఆయన నిర్దోషి అని తీర్పు వచ్చింది. ఆ రోజే బయటికి వచ్చాడు. ఇరవై మూడేళ్ళవాడుగా లోపలికి వెళ్ళి యాభై ఏడేళ్ళవాడుగా వచ్చాడు. ఆ తర్వాత సైతాగావా కేసులో 1984 మార్చిలో, మత్సుయామా కేసులో అదే ఏడు జులైలో, షిమాదా కేసులో 1989 జనవరిలో ఒక్కొక్కరు చొప్పున మరో ముగ్గురు మరణశిక్ష నుంచి విడుదలయ్యారు.

పత్రికలు అప్పట్లో ఇక్కడితో ఆపేశాయి. మనం మాత్రం ఇక్కడినుంచే చూడాలి.

జపాన్ రాజ్యాంగం 40వ అధికరణం ప్రకారం, నిర్బంధించిన తర్వాత నిర్దోషిగా తేలిన ప్రతి మనిషికీ ప్రభుత్వం నుంచి నష్టపరిహారం కోరే హక్కుంది. దాన్ని అమలు చేసే చట్టం 1950లోనే వచ్చింది. జైల్లో గడిపిన ఒక్కో రోజుకు ఇంత అని లెక్కగట్టి ఇస్తారు. ఆ లెక్కన మెండాకు సుమారు 9 కోట్ల యెన్‌లు వచ్చాయి. అంత సొమ్ము వచ్చింది కదా, ఇంకేం కావాలి అని చాలామంది అనుకున్నారు. కొందరు ఆ డబ్బునే తప్పుపట్టారు. సొంత ప్రాంతంలో ఆయనకు నిలువనీడ దొరకలేదు. కోర్టు నిర్దోషి అన్నా, పక్కవాళ్ళు మాత్రం ఏమీ చేయకుండానే ఇన్నేళ్ళు జైల్లో పెడతారా అనుకున్నారు. నిప్పు లేనిదే పొగ రాదని మనవాళ్ళూ అంటారు. ఇలాంటి మనుషుల విషయంలో అంత అన్యాయమైన సామెత మరొకటి లేదు. పొగ పెట్టినవాడు ఎవడో ఎవరూ అడగరు. పొగలో ఉక్కిరిబిక్కిరి అయినవాడినే వేలెత్తి చూపుతారు.

మెండా పుట్టిన ఊళ్ళో స్థిరపడలేదు. ఫుకువోకా జిల్లాలో ఓముతా అనే బొగ్గుగనుల పట్టణంలో కాపురం పెట్టాడు. విడుదలైన మరుసటి సంవత్సరం పెళ్ళి చేసుకున్నాడు. అరవై ఏళ్ళకు చేరువలో మొదలైన కాపురం అది. తర్వాత మరణశిక్ష రద్దు కావాలని ఊరూరా తిరిగి మాట్లాడాడు. 2007 అక్టోబరులో న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో తన అనుభవం చెప్పాడు.

అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్ళు దాటాయి. అయినా నెలనెలా పింఛను రావడం లేదు. ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అన్యాయం ఎంత దూరం పాకుతుందో ఇందులోనే తెలుస్తుంది. జపాన్‌లో 1961 నుంచి పౌరులందరికీ జాతీయ పింఛను పథకం అమల్లోకి వచ్చింది. చందా కట్టినవాళ్ళకే వృద్ధాప్యంలో పింఛను వస్తుంది. చందా కట్టలేనివాళ్ళు మినహాయింపు కోరుతూ దరఖాస్తు పెట్టుకోవాలి. 1961లో మెండా మరణశిక్ష ఖైదీ. ఎప్పుడు ఉరి తీస్తారో తెలియని మనిషికి వృద్ధాప్యపు పింఛను గురించి ఎవరు చెబుతారు? చందా కట్టే వయసు దాదాపు అంతా జైల్లోనే దాటిపోయింది. బయటికి వచ్చి పింఛను అడిగితే, మీరు చందా కట్టలేదు కదా అన్నారు. ప్రభుత్వమే తాళం వేసి లోపల పెట్టి, మీరు ఆఫీసుకు రాలేదు కనుక మీకు హక్కు లేదు అన్నట్టయింది.

ఈ ముడి విప్పడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. 2013 జూన్‌లో జపాన్ పార్లమెంటు ఒక ప్రత్యేక చట్టం చేసింది. మరణశిక్ష పడి పునర్విచారణలో నిర్దోషులైనవారు పాత చందాను ఇప్పుడు కట్టవచ్చు, అప్పటివరకు రావలసిన పింఛను మొత్తాన్ని ఒకేసారి పొందవచ్చు. ఆ చట్టం వచ్చేనాటికి విడుదలైన నలుగురిలో బతికి ఉన్నది మెండా ఒక్కడే. ఆయనకు ఎనభై ఏడేళ్ళు. ఒక దేశపు పార్లమెంటు ఒకే ఒక్క ముసలాయన పింఛను కోసం చట్టం చేసిందంటే అది ఆ దేశానికి గౌరవమే. మిగిలిన ముగ్గురూ ఆ చట్టాన్ని చూడకుండానే పోయారన్నది కూడా పక్కనే రాసుకోవాలి. మెండా 2020 డిసెంబరులో తొంభై ఐదో ఏట కన్నుమూశాడు. జైల్లో గడిపిన ముప్పై నాలుగేళ్ళ కంటే బయట మూడేళ్ళు ఎక్కువే బతికాడు. ఆ మూడేళ్ళ మొగ్గు తలుచుకుంటే నాకు ఎందుకో తృప్తిగా ఉంటుంది.

ఐదో మనిషి హకమాదా ఇవావో. ఈయన కథ వేరు. మెండా బయటికి వచ్చి తన బతుకును తానే కట్టుకోగలిగాడు. హకమాదా శరీరం బయటికి వచ్చింది గాని మనసు వెంటనే రాలేదు.

హకమాదా ఒకప్పుడు బాక్సింగు వృత్తిగా చేసినవాడు. ఆ తర్వాత షిజువోకా జిల్లాలో మిసో తయారుచేసే కర్మాగారంలో చేరాడు. మిసో అంటే సోయా గింజల్ని ఉప్పువేసి తొట్లలో నెలల తరబడి ఊరబెట్టే ముద్ద. మన ఇళ్ళలో ఆవకాయ ఎలాగో వాళ్ళకు అది అలాగ. 1966 జూన్ 30న ఆ కంపెనీ అధికారి ఒకరి కుటుంబంలో నలుగురు హత్యకు గురయ్యారు, ఇల్లు తగలబడింది. ఆగస్టులో హకమాదాను పట్టుకుని రోజుకు సగటున పన్నెండు గంటల చొప్పున ప్రశ్నించి నేరం ఒప్పించారు. తీసుకున్న వాంగ్మూలాలు 45. కోర్టు అందులో 44 పనికిరావని పక్కనపెట్టి ఒక్కదాన్ని మాత్రం ఉంచుకుంది. హత్య జరిగిన ఏడాది రెండు నెలల తర్వాత ఒక మిసో తొట్టిలో నెత్తుటి మరకలున్న ఐదు బట్టలు దొరికాయన్నారు. హైకోర్టులో ఆ లాగు తొడిగి చూస్తే ఆయనకు పట్టనే లేదు. అయినా 1968 సెప్టెంబరులో పడిన మరణశిక్ష 1980లో ఖాయమైంది.

ఆ 1968 తీర్పు ఇచ్చిన ముగ్గురు న్యాయమూర్తుల్లో చిన్నవాడు కుమమోతో నోరిమిచి. హకమాదా నిర్దోషి అని ఆయనకు అనిపించింది. మిగతా ఇద్దరూ ఒప్పుకోలేదు. శిక్ష విధిస్తూ తీర్పు రాసే పని ఆయన మీదే పడింది. మరుసటి ఏడు ఉద్యోగం వదిలేశాడు. 2007లో నోరు విప్పి లోకానికి ఈ సంగతి చెప్పాడు. తప్పు తీర్పు శిక్ష పడ్డవాణ్ణే కాక, తీర్పు రాసినవాణ్ణి కూడా కాలుస్తుందనడానికి ఆయన జీవితం సాక్ష్యం. 2018లో జబ్బుతో మంచం పట్టిన ఆయన్ను హకమాదా వచ్చి చూశాడు. 2020లో ఆయన పోయాడు.

2014 మార్చి 27న షిజువోకా కోర్టు పునర్విచారణకు ఆదేశించి, హకమాదాను అప్పటికప్పుడు విడుదల చేసింది. నిర్బంధంలో గడిచినది 47 సంవత్సరాల 7 నెలలు. అప్పటికే మతి చెదిరింది. ఒంటరి గదిలో దశాబ్దాలు ఉన్న మనిషి బయట కూడా గది లోపలే ఈ మూలనుంచి ఆ మూలకు గంటల తరబడి నడిచేవాడు. ఆయనను కాపాడుకున్నది అక్క హిదేకో. తమ్ముడికంటే మూడేళ్ళు పెద్దది. పెళ్ళి చేసుకోలేదు. లెక్కలు రాసే ఉద్యోగం చేసుకుంటూ నెలనెలా దూరపు టోక్యో జైలుకు వెళ్ళేది. తమ్ముడు చూడనని పంపేసిన నెలల్లో కూడా వెళ్ళేది. మొదటి ఏళ్ళలో దుఃఖం తట్టుకోలేక తాగుడుకు అలవాటుపడి, ఇలా అయితే తమ్ముణ్ణి ఎవరు కాపాడతారని తనే మానుకుంది. తమ్ముడు ఎప్పటికైనా వస్తాడన్న ఆశతో అప్పుచేసి హమామత్సు పట్టణంలో మేడ కట్టించింది. ఆ ఇంట్లోకే ఆయన వచ్చాడు.

ఆమె ఆయనను ఇలా ఉండు, అలా ఉండవద్దు అనలేదు. నడుస్తానంటే నడవనిచ్చింది. కొంతకాలానికి గది దాటి వీధిలోకి నడక మారింది. రోజూ ఊరంతా తిరిగేవాడు. మద్దతుదారులు వంతులు వేసుకుని వెంట నడిచేవారు. ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ 2014లో ఆయనకు గౌరవ ఛాంపియన్ పటకా ఇచ్చింది. ఇంతా జరుగుతున్నా కాగితాల మీద ఆయన ఇంకా మరణశిక్ష ఖైదీయే. 2018లో పై కోర్టు పునర్విచారణ ఆదేశాన్ని కొట్టేసింది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని తిరగదోడమంది. 2023లో మళ్ళీ అనుమతి వచ్చింది. విడుదలైన పదేళ్ళకు, 2024 సెప్టెంబరు 26న, ఆయన నిర్దోషి అని తీర్పు వచ్చింది. ఒప్పుకోలు వాంగ్మూలం, బట్టలు సహా మూడు సాక్ష్యాలు దర్యాప్తు అధికారులు కల్పించినవేనని కోర్టు తేల్చింది. ఎనభై ఎనిమిదేళ్ళ తమ్ముడికి తొంభై ఒకటేళ్ళ అక్క ఆ వార్త చెప్పింది. అక్టోబరు ఆఖరున జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో ఆయన ఓటు వేశాడు. ఒక మనిషి మళ్ళీ పౌరుడయ్యాడనడానికి అంతకంటే పెద్ద గుర్తు నాకు తోచదు. 2025 మార్చిలో రోజుకు 12,500 యెన్‌ల చొప్పున 21 కోట్ల 73 లక్షల యెన్‌ల పరిహారం మంజూరైంది. చట్టం ప్రకారం రోజుకు ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తం అదే.

క్షమాపణ సంగతి కూడా చెప్పాలి. 2024 అక్టోబరులో షిజువోకా పోలీసు అధిపతి స్వయంగా వాళ్ళ ఇంటికి వెళ్ళి తలవంచి క్షమాపణ చెప్పాడు. అంతకు కొద్ది రోజుల ముందు దేశపు ప్రాసిక్యూటర్ జనరల్ మాత్రం, అప్పీలుకు వెళ్ళబోమని చెబుతూనే ఆ తీర్పులో చాలా లోపాలున్నాయని ప్రకటన ఇచ్చారు. ఒక చేత్తో విడిచిపెట్టి మరో చేత్తో మసి పూసినట్టయింది.

వినాయక చవితి నాడు మనమంతా అక్షింతలు చేతపట్టుకుని శమంతకమణి కథ వింటాం. ఆంధ్రదేశం వదిలి తరాలు గడిచిన మా షోలాపూర్ ఇళ్ళలో కూడా ఆ కథ మానలేదు. అడవిలో ప్రసేనుణ్ణి సింహం చంపితే, మణికోసం కృష్ణుడే చంపించాడని సత్రాజిత్తు ఊరంతా చాటాడు. అంతటి కృష్ణుడు కూడా నేను చేయలేదు అంటే సరిపోలేదు. తానే అడవికి వెళ్ళి, జాడలు వెతికి, జాంబవంతుడితో రోజుల తరబడి పోరాడి, మణి తెచ్చి సభలో పెడితేగాని నింద పోలేదు. కథలో తరచు మనం దాటేసే భాగం ఒకటుంది. సత్రాజిత్తు సభలో సిగ్గుపడ్డాడు. ఎలా పోగొట్టుకోవాలా ఈ పాపం అని మధనపడి, నింద మోపినంత బహిరంగంగా దాన్ని దిద్దుకున్నాడు. నీలాపనింద మోపిన రాజ్యం కూడా అంతే బహిరంగంగా దాన్ని తుడవాలని మన పెద్దలు ఆ కథలోనే చెప్పి ఉంచారు.

ఇక మన దేశం సంగతి. మెండా విడుదలైన పదిహేడు రోజులకు, 1983 ఆగస్టు 1న, మన సుప్రీంకోర్టు రుదుల్ షా కేసులో తీర్పు ఇచ్చింది. బీహార్‌లో 1968 జూన్‌లో నిర్దోషిగా తేలిన మనిషిని 1982 అక్టోబరు దాకా, పద్నాలుగేళ్ళకు పైగా, జైల్లోనే ఉంచారు. విడిచిపెట్టమని కోర్టు చెప్పిన మనిషిని విడవలేదు. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ధర్మాసనం 35,000 రూపాయలు ఇప్పించింది. ప్రాథమిక హక్కు భంగమైతే సుప్రీంకోర్టే పరిహారం ఇప్పించగలదని మన దేశంలో స్థిరపడింది ఆ కేసుతోనే. అయితే అది కోర్టు దయతో ఇచ్చేది. జపాన్‌లోలాగ రోజుకింత అని అడిగి తీసుకునే చట్టం మనకు ఇంతవరకు లేదు. 1979లో పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరినప్పుడు కూడా, అక్రమ నిర్బంధానికి పరిహారం మా న్యాయవ్యవస్థలో హక్కు కాదని మన ప్రభుత్వం మినహాయింపు రాసి సంతకం పెట్టింది. కారణం లేకుండా ఒకరిని అరెస్టు చేయిస్తే చేయించినవాడినుంచి మేజిస్ట్రేటు ఇప్పించగలిగేది మహా అయితే వెయ్యి రూపాయలు. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో కూడా ఆ అంకె మారలేదు.

గాంధీనగర్ అక్షరధామ్ దాడి కేసులో శిక్షపడ్డ ఆరుగుర్ని, అందులో మరణశిక్ష పడ్డవాళ్ళు ముగ్గురు, సుప్రీంకోర్టు 2014 మే 16న నిర్దోషులని విడిచిపెట్టింది. పోయిన ఏళ్ళకు పరిహారం అడిగితే 2016లో అదే సుప్రీంకోర్టు కాదంది. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర 2003 జూన్‌లో ఒక కుటుంబంలో ఐదుగురి హత్య జరిగితే, సంచార జాతులకు చెందిన ఆరుగురికి ఉరిశిక్ష వేశారు. 2009లో సుప్రీంకోర్టు కూడా ఆరుగురికీ ఉరే సరి అంది. 2019 మార్చి 5న అదే సుప్రీంకోర్టు మళ్ళీ విచారించి, ఆరుగురూ నిర్దోషులంది. బతికి బయటపడ్డ సాక్షి పోలీసు ఆల్బంలో మొదట గుర్తుపట్టింది వేరే నలుగుర్ని. ఆ సంగతి పట్టించుకోనే లేదు. నేరం నాటికి ఆరుగురిలో ఒకడు మైనరు. మనిషికి 5 లక్షల రూపాయలు ఇమ్మని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోర్టు ఆదేశించింది. ఒక్కసారి లెక్క వేసి చూడండి. పదహారేళ్ళకు 5 లక్షలంటే రోజుకు తొంభై రూపాయలు కూడా పడదు. 2003లో లోపలికి వెళ్ళిన మనిషి 2019లో బయటికి వస్తే, దాచుకున్న పాత ఐదొందల నోటు చెల్లదు, ఆధార్ కార్డంటే ఏమిటో తెలియదు, ఆ కార్డు లేకుండా కదిలే పని ఒకటీ ఉండదు.

సంచార జాతులన్న మాట వినగానే షోలాపూర్‌వాళ్ళకు వేరే జ్ఞాపకం వస్తుంది. తెల్లవాళ్ళు నేరస్థ జాతులని ముద్రవేసి కంచె వేసిన సెటిల్‌మెంట్లలో ఒకటి మా ఊళ్ళోనే ఉండేది. ఆ చట్టం 1952లో రద్దయింది. చట్టం కొట్టేసినంత తేలిగ్గా అనుమానాన్ని కొట్టేయలేకపోయాం. ఒక మనిషి మీద పడిన మచ్చకూ, ఒక కులం మీద పడిన మచ్చకూ తేడా లేదు. రెండూ కోర్టు కాగితంతో పోవు.

తెలుగుదేశం కూడా దీనికి మినహాయింపు కాదు. 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఒక విద్యార్థిని హత్య జరిగింది. 2010లో శిక్ష పడిన యువకుణ్ణి 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని హైకోర్టు నిర్దోషి అంది, లక్ష రూపాయలు ఇమ్మంది. ఇది ఉరిశిక్ష కేసు కాదు గాని, వయసులో ఎనిమిదేళ్ళు పోవడమంటే ఏమిటో తల్లులకు తెలుసు.

మా పేటలో నేను చూసిన సంగతి ఒకటి చెబుతాను. పవర్‌లూమ్‌లో దుప్పట్లు నేసే ఒకతను హత్య కేసులో నాలుగేళ్ళు లోపల ఉండి నిర్దోషిగా వచ్చాడు. పోలీసులు రాసుకున్నది మరాఠీలో, అతనికి చదవవచ్చింది ఏదైనా ఉంటే కొంచెం తెలుగు. ఏం రాశారో తెలియకుండానే వేలిముద్ర వేశాడు. ఆ నాలుగేళ్ళూ భార్య బీడీలు చుట్టి వకీలు ఫీజు కట్టింది. అతను తిరిగివచ్చాక ఏ సేఠూ మగ్గం మీద పనివ్వలేదు. కూతురి సంబంధం రెండుసార్లు తప్పిపోయింది. ఒకరోజు నా దగ్గర కూర్చుని, “కోర్టు ఇడిసిపెట్టింది సారూ, పేట ఇడిసిపెడ్తలేదు” అన్నాడు. ఏం చెప్పాలో నాకు తోచలేదు. చివరికి అతని మేనమామ భివండీలో పని చూపించి తీసుకుపోయాడు. మెండాకు ఓముతా ఎలాగో ఇతనికి భివండీ అలాగ అయింది.

పరాయి భాష రాజ్యమేలే చోట బతికే మనకు ఇది దగ్గరి విషయం. సాక్ష్యాన్ని నిందితుడికి అర్థమయ్యే భాషలో వివరించి చెప్పాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చెప్పింది, కొత్త సంహిత కూడా చెబుతోంది. అది కోర్టులో. పోలీసు ఠాణాలో రాసే కాగితం దగ్గర ఆ రక్షణ అంతగా అందదు. తెలుగు తప్ప మరో అక్షరం రాని కూలీలు బెంగుళూరులో, తిరుప్పూరులో, బరంపురంలో, ముంబయిలో ఉన్నారు. చదువుకున్న తెలుగువాడు ఒక్కడు ఆ సమయంలో పక్కన నిలబడి అందులో ఏం రాశారో చదివి చెబితే, కొన్ని కథలు మొదలే కాకుండా పోతాయి.

కేంద్ర లా కమిషన్ 2018 ఆగస్టులో ఇచ్చిన 277వ నివేదికలో తప్పుడు ప్రాసిక్యూషన్‌కు గురైనవారికి పరిహారం చట్టబద్ధమైన హక్కు కావాలంది. డబ్బుతోపాటు మానసిక వైద్యం, పని నేర్పించడం కూడా ప్రభుత్వం బాధ్యతే అంది. 2025 జులైలో తమిళనాడుకు చెందిన ఒక మరణశిక్ష ఖైదీని నిర్దోషిగా విడిచిపెడుతూ, ఇలాంటివారికి పరిహారం సంగతి చట్టసభలు ఆలోచించాలని సుప్రీంకోర్టు అంది. నివేదిక ఉంది, కోర్టు మాట ఉంది. ఇక కావలసింది చట్టం.

చట్టం వచ్చేదాకా ఊరికే కూర్చోనక్కర్లేదు. మన ప్రాంతాల్లో తెలుగు సంఘాలున్నాయి, కులసంఘాల వసతి గృహాలున్నాయి, ఉగాదికీ శ్రీరామనవమికీ పందిళ్ళు వేసే ఓపికా ఉంది. నిర్దోషిగా తిరిగివచ్చిన మనిషికి రేషన్ కార్డు తిరిగి రాయించడం, బ్యాంకులో ఖాతా తెరిపించడం, పని చూపించడం, పిల్లల పెళ్ళి మాటలప్పుడు ఇతను నిర్దోషి అని నలుగురిలో చెప్పడం మన చేతిలో పనులే. తీర్పు నకలు ఒకటి మన భాషలోకి రాసి సంఘం నోటీసు బోర్డు మీద అంటించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. హమామత్సులో ఒక అక్క యాభై ఎనిమిదేళ్ళు ఒంటిచేత్తో మోసిన బరువును ఇక్కడ ఒక సంఘం పంచుకోలేదా?